రేపల్లెలో లిఫ్టు నన్ను తిట్టిన రోజు

ఒక పెళ్లికూతురినీ, ఆమె తల్లినీ, నాయనమ్మనీ, వాళ్లతోపాటు ఒక కప్పనీ సరిగ్గా పెళ్లికి బయల్దేరే వేళ రెండంతస్తుల మధ్య గాలిలో వేలాడదీసిన ఘనత నాది. ఆ ఘనతలో ఇంకెవరికీ వాటా లేదు. పూర్తి స్పృహలో, పైగా ఎంతో గర్వంగా చేశాను. ఆ రోజు నా మొహం తెల్లటి గోడ ముందు నిలబెడితే కనిపించేది కాదని చూసినవాళ్లు ఇప్పటికీ అంటారు. అందరూ క్షేమంగా ఉన్నారు కాబట్టి, ఆ పెళ్లికూతురి కొడుకు ఇప్పుడు బడికి కూడా వెళ్తున్నాడు కాబట్టి, ధైర్యం చేసి చెబుతున్నాను.

నా పేరు ప్రసన్నకుమార్. మాది బాపట్ల. వడ్లమూడిలో ఇంజనీరింగు పూర్తి చేసి తెనాలిలో ఒక చిన్న కంపెనీలో చేరాను. కంపెనీ అంటే అద్దాల మేడ ఊహించుకోకండి. మోటార్లకు వైండింగు చేసే షాపు పైన రెండు గదులు. అక్కడ మేము లిఫ్టులను నడిపే బోర్డులు తయారు చేసేవాళ్లం. బోర్డు మీద చిప్పు, చిప్పులో ప్రోగ్రాము. ఆ ప్రోగ్రాము రాసేది నేను. నేను రాసినదాన్ని చదివి పెదవి విరిచేది మా సుల్తానా మేడమ్.

మేడమ్‌ది తెనాలే. ఆవిడ గొంతు పెంచగా మేమెవరమూ వినలేదు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి, నా ప్రోగ్రాములో ఏదో ఒక లైను మీద వేలు పెట్టి, "ఇది ఫెయిలైతే?" అని అడిగేవారు. అంతే. మోటారు ఆన్ చెయ్యమని రాస్తే, ఆన్ అయిందో లేదో కనుక్కున్నావా అనేవారు. తలుపు మూయమని రాస్తే, మూసుకుందని నీకెవరు చెప్పారు అనేవారు. చెప్పిన పని జరిగిందా అని ప్రతిసారీ అడిగి తెలుసుకునే ప్రోగ్రామే ప్రోగ్రామని, తక్కినదంతా ఆశ అని ఆవిడ సిద్ధాంతం. పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి కూడా అన్ని ప్రశ్నలు వేయడు.

ఇక్కడ మీకొక మాట విడమర్చి చెప్పాలి. భయపడకండి, పాఠం చిన్నది. ప్రోగ్రాములో 'ఇక్కడికి వచ్చేసరికి ఈ సంగతి నిజమై తీరాలి, కాకపోతే పని ఆపెయ్' అని రాసే షరతును మా వాళ్లు అసర్ట్ అంటారు. కంప్యూటర్లు గదులంత ఉన్న రోజుల్లోనే పెద్దవాళ్లు ఈ పద్ధతి కనిపెట్టారు. మొదట్లో కాగితం మీద ప్రోగ్రాము పక్కన రాసుకునేవారట. తర్వాత ప్రోగ్రాములోనే రాసి, యంత్రం చేతే చూపించడం మొదలుపెట్టారు. తప్పు ఎక్కడ పుట్టిందో అక్కడే పట్టుకోవడానికి దీన్ని మించింది లేదు. అయితే దీని మీద అప్పటినుంచీ ఒక తగవు నడుస్తూనే ఉంది. టేబులు మీద పరీక్షించేటప్పుడు సరే, ప్రోగ్రాము జనంలోకి వెళ్లాక కూడా ఈ అసర్ట్‌లు ఉంచాలా, తీసెయ్యాలా? తప్పు జరిగాక కూడా నడుస్తూ పోతే ఎక్కడ గుద్దుకుంటుందో తెలియదు కాబట్టి అక్కడే ఆగిపోవాలని ఒక వర్గం. నడివీధిలో ఆగిపోతే జనం ఏమైపోవాలని రెండో వర్గం.

నేను కాలేజీలో ఈ తగవు మీద సెమినారిచ్చి చప్పట్లు కొట్టించుకున్నవాణ్ణి. అందుచేత మొదటి వర్గానికి గుంటూరు జిల్లా అధ్యక్షుడిలాగా తిరిగేవాణ్ణి. మేడమ్ మాత్రం ఏ వర్గంలోనూ చేరలేదు. పరీక్షకు ఒక కాపీ, జనానికి ఒక కాపీ చెయ్యమన్నారు. పరీక్ష కాపీలో తప్పు దొరికితే ఆగిపోవచ్చు. జనం కాపీలో అదే తప్పు దొరికితే లిఫ్టు మెల్లగా దగ్గర్లో ఉన్న అంతస్తుకు వెళ్లి, తలుపు తెరిచి, అప్పుడు ఆగాలి. నాకది పిరికి పద్ధతి అనిపించింది. తప్పు జరిగిందని తెలిశాక ఇంకా కదలడమేమిటి?

అలాంటి రోజుల్లో మాకు రేపల్లె నుంచి ఒక బేరం వచ్చింది. సుధాకర్ మాస్టారని, హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. రెండంతస్తుల ఫంక్షను హాలు కట్టుకుని, దానిలో లిఫ్టు పెట్టించుకున్నారు. లిఫ్టు ముఖ్యంగా వాళ్లమ్మ కోసం. మామ్మగారికి మోకాళ్ల నొప్పులు. పై అంతస్తు ఎక్కితే మళ్లీ కిందికి రాలేని పరిస్థితి. మాస్టారమ్మాయి గ్రేస్ పెళ్లి దగ్గర పడింది. పెళ్లినాటికి లిఫ్టు నడవాలన్నది ఒప్పందం.

బోర్డు బిగించడానికి నేనే వెళ్లాను. పాసింజరులో కిటికీ పక్కన కూర్చుని, ఒళ్లో బోర్డు పెట్టుకుని, దారి పొడవునా ఆలోచించాను. రేపల్లె స్టేషను వచ్చేసరికి చరిత్ర సృష్టించాలని నిర్ణయించుకున్నాను. జనం కాపీ బదులు పరీక్ష కాపీ ఎక్కించేశాను. సాయంత్రం మేడమ్ ఫోను చేసి అయిందా అంటే, "లోడ్ చేశానండి" అన్నాను. ఏ కాపీ అని ఆవిడ అడగలేదు. ఏ కాపీ అని నేను చెప్పలేదు. మనిషి జారిపడే మెట్టు సాధారణంగా ఇంత సన్నగానే ఉంటుంది.

ఇక నేను రాసిన అసర్ట్‌లలో నాకు అమితంగా నచ్చిన దాని గురించి చెబుతాను. లిఫ్టులో బరువు కొలిచే సెన్సారు ఉంటుంది. జనం ఎక్కువైతే తలుపు మూసుకోకుండా చూస్తుంది. నేను దానికి ఇంకో పని అప్పగించాను. లిఫ్టు బయల్దేరినప్పుడు ఎంత బరువుందో, దారిలో కూడా సుమారుగా అంతే ఉండి తీరాలి. ఎందుకంటే తలుపులు మూసి ఉన్నాయి కదా, మధ్యలో ఎవరు ఎక్కుతారు, ఎవరు దిగుతారు? ఎంత బలమైన తర్కమో చూడండి. దీని అందం చూసి మురిసిపోయి ఆ రోజు రెండు ప్లేట్ల పునుగులు తిన్నాను.

పెళ్లి నాడు మాస్టారు నన్ను అతిథిగా కూడా పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మెడలో కంపెనీ గుర్తింపు కార్డు కూడా తగిలించుకున్నాను, ఈ లిఫ్టు నాదేనని జనానికి తెలియాలి కదా. పెళ్లి ఊళ్లోని చర్చిలో. పాస్టరుగారు ఇక్కడ పెళ్లి జరిపించి, వెంటనే బాపట్లలో ఇంకో పెళ్లికి వెళ్లాలి. కాబట్టి ఆలస్యం చేస్తే కుదరదని ముందే చెప్పారు. కింద కారు సిద్ధంగా ఉంది. బ్యాండు వాళ్లు వాయిస్తున్నారు.

పై అంతస్తు నుంచి పెళ్లికూతురు గ్రేస్, వాళ్లమ్మ రూతమ్మగారు, మామ్మగారు దిగాలి. మామ్మగారు లిఫ్టు గడప దగ్గర ఆగి, ఇది మధ్యలో ఆగిపోదు కదా నాయనా అని అడిగారు. నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నన్ను నేను గిల్లుకోవాలనిపిస్తుంది. ఇందులో ఏ తప్పు జరిగినా పట్టేసుకుంటుంది మామ్మగారూ అని చెప్పి, ధైర్యానికి నేను కూడా లోపలికి ఎక్కాను. నా మాట అక్షరాలా నిజమైంది. పట్టేసుకుంది.

లిఫ్టు కదిలింది. గ్రేస్ చేతిలో తెల్లపూల గుత్తి ఉంది. రాత్రంతా వాన కురిసింది. పూలబుట్ట వరండాలో ఉంచారు. ఆ గుత్తిలోంచి బొటనవేలంత పచ్చటి కప్ప ఒకటి తల బయటపెట్టి, మమ్మల్నందరినీ ఒకసారి చూసి, రూతమ్మగారి భుజం మీదికి దూకింది.

రూతమ్మగారు ఎగిరారు. ఆవిడను చూసి గ్రేస్ ఎగిరింది. మోకాళ్ల నొప్పుల మామ్మగారు కూడా తన వంతుగా కొంత ఎగిరారు. నేను మగవాణ్ణి కాబట్టి అందరికంటే ఎత్తుకి ఎగిరాను. ఆ క్షణంలో లిఫ్టులోని మొత్తం జనాభా గాలిలో ఉంది. సెన్సారు చూసుకుంటే బరువు లేదు. మరుక్షణం అందరం ధన్‌మని పడ్డాం. సెన్సారు చూసుకుంటే బరువు రెండింతలు. దారి మధ్యలో జనం మాయమై, రెట్టింపై తిరిగొచ్చారు. నా అసర్ట్ జీవితంలో ఇలాంటిది చూడలేదు. మోటారు ఆగింది. బ్రేకు గట్టిగా పట్టుకుంది. ప్రమాదం ఏమీ లేదు, కదలిక కూడా లేదు.

అప్పుడు లిఫ్టు మాట్లాడింది.

ఇది కూడా నేను చెప్పాల్సి ఉంది. టేబులు మీద పరీక్షించేటప్పుడు నా కళ్లు వైర్ల మీద ఉంటాయి, తెర మీద ఏం వచ్చిందో చూడటం కుదరదు. అందుకని ఏ అసర్ట్ తప్పితే దాని మాట వినిపించేలా నా గొంతుతోనే రికార్డు చేసి పెట్టుకున్నాను. గదిలో ఒక్కణ్ణే ఉంటాను కదా, సరదాగా రికార్డు చేశాను. ఆ మాటలు పరీక్ష కాపీలోనే ఉంటాయి, జనం కాపీలో ఉండవు.

"ఇది జరగదు," అంది లిఫ్టు, నిండు గొంతుతో. "ఒకవేళ జరిగితే ప్రసన్నకుమార్ గాడిద."

ముగ్గురు ఆడవాళ్లూ పైకి చూశారు. నేను కిందికి చూశాను. కాసేపటికి లిఫ్టు అదే మాట మళ్లీ అంది. ఎవరైనా వచ్చి ఆపేదాకా అంటూనే ఉండాలని రాసింది కూడా నేనే.

"ప్రసన్నకుమార్ ఎవరు నాయనా?" అని మామ్మగారు అడిగారు.

"మా ఆఫీసులో ఒకతనండి," అన్నాను. ఇస్త్రీ చొక్కా తడిసిపోయింది.

గ్రేస్ నా మెడలోని కార్డు వైపు చూసింది. తర్వాత నా మొహం వైపు చూసింది. తర్వాత పూలగుత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు అదురుతున్నాయి. ఏడుస్తోందేమోనని భయపడ్డాను. దగ్గరికెళ్లి చూస్తే నవ్వుతోంది, కళ్లకు పెట్టుకున్న కాటుక అంతా చెదిరిపోయేలాగా.

రూతమ్మగారు నవ్వలేదు. కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆవిడ ప్రార్థనకు ఊళ్లో పేరుంది. ప్రభువా, ఈ ఇరుకులోంచి మమ్మల్ని విడిపించి, నా బిడ్డను వేళకు చర్చికి చేర్చు తండ్రీ అని ఆవిడ అనగానే, పైనుంచి గంభీరంగా జవాబొచ్చింది.

"ఇది జరగదు."

రూతమ్మగారు కళ్లు తెరిచి నా వైపు చూసిన చూపును వర్ణించే శక్తి నాకు లేదు. నేను జేబురుమాలు తీసి స్పీకరులో కుక్కాను. దాంతో నా గొంతుకు జలుబు చేసినట్టయిందే తప్ప, మాట స్పష్టత ఏమాత్రం తగ్గలేదు.

ఫోనుకు సిగ్నలు దొరికింది. మేడమ్‌కి చేసి, లిఫ్టు ఆగిందండి, లోపల నేనూ, పెళ్లికూతురూ ఉన్నామండి అని చెప్పాను. ఆవిడ ఏదో అడగబోతుండగా లిఫ్టు తన మాట చెప్పింది.

"ఏ కాపీ వేశావు ప్రసన్నా?" అన్నారు.

"పరీక్షదండి."

గాలి ఆడుతోందా, ముసలావిడ ఎలా ఉన్నారు అని అడిగారు. ఫ్యానూ లైటూ బ్యాటరీ మీద నడుస్తున్నాయని చెప్పాను. అదే బ్యాటరీ మీద నా గొంతు కూడా నడుస్తోందని చెప్పక్కర్లేకుండానే తెలిసింది.

నేను తెలివి చూపించి, బోర్డును ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయిద్దామన్నాను. మేడమ్ చేసి చూడమన్నారు. బయట మాస్టారు మెయిన్ స్విచ్చు తీసి మళ్లీ వేశారు. ప్రోగ్రాము మొదటినుంచి మొదలైంది. మొదలైనప్పుడు దానికి పాత సంగతులేవీ గుర్తుండవు, బయల్దేరినప్పటి బరువు సున్నా అనుకుంటుంది. చూస్తే లిఫ్టు అంతస్తుల మధ్య ఉంది, లోపల నలుగురు మనుషులు. ఎక్కకుండా లోపలికి ఎలా వచ్చారు? మళ్లీ గాడిద. స్విచ్చు వేసిన ప్రతిసారీ గాడిద. దాని లెక్క ప్రకారం మేము అక్కడ ఉండే అవకాశమే లేదు.

ఈలోగా బయట బ్యాండు ఆగిపోయింది. జనమంతా లిఫ్టు తలుపు చుట్టూ మూగి వింటున్నారని అర్థమైంది. పెళ్లికొడుకు గ్రేస్‌కు ఫోను చేసి ఎక్కడున్నావని అడిగాడు. రెండో అంతస్తు దాటి, మొదటి దానికి పైన ఉన్నానని చెప్పి, ఆ అమ్మాయి మళ్లీ గుత్తి వెనక్కి వెళ్లిపోయింది. పాస్టరుగారు గడియారం చూసుకుంటున్నారని కూడా కబురొచ్చింది.

అప్పటిదాకా నాది సిగ్గు మాత్రమే. మామ్మగారు గోడకు ఆనుకుని మెల్లగా నేల మీద కూర్చుండిపోయేసరికి అది భయమైంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. గ్రేస్ నవ్వడం మానేసి పూలగుత్తితోనే విసరడం మొదలుపెట్టింది. ఈ పెద్దావిడకు ఏమైనా అయితే నా తర్కం, నా సెమినారు, నా చప్పట్లు ఎందుకు పనికొస్తాయని మొదటిసారి అనిపించింది. తప్పు ఎక్కడుందో చూసి ఆగిపోవడం ప్రోగ్రాముకు చాలా సులువు. ఆగాక లోపల ఉన్నవాళ్ల సంగతి నేను ఒక్క లైను కూడా రాయలేదు.

"మామ్మగారూ, ఆ ప్రసన్నకుమార్‌ని నేనేనండి," అన్నాను.

"తెలుసులే నాయనా. గొంతు నీదే కదా," అన్నారావిడ కళ్లు మూసుకునే. "ఎందుకట్టా తిట్టుకున్నావు?"



మేడమ్ ఫోనులో మాస్టారికి దారి చెబుతున్నారు. కరెంటు పూర్తిగా తీసెయ్యాలి. డాబా మీద మోటారు గది ఉంది. అక్కడ బ్రేకు వదిలే లీవరు ఒకటి, చేత్తో తిప్పే చక్రం ఒకటి ఉంటాయి. ఒకరు లీవరు పట్టుకోవాలి, ఇద్దరు చక్రం తిప్పాలి, ఆవిడ ఆపమంటే ఆపాలి. మాస్టారు పట్టుపంచె ఎగ్గట్టి లీవరు పట్టుకున్నారు. బ్యాండులో పెద్ద డోలు వాయించే ఇద్దరు చక్రం అందుకున్నారు. మేడమ్ తెనాలిలో కూర్చుని, పిల్లలకు ఎక్కాలు చెప్పినంత నిదానంగా, కొంచెం, ఆపండి, ఇంకొంచెం, ఆపండి అంటూ వచ్చారట.

లిఫ్టు చిన్నగా కదిలింది. రూతమ్మగారు నా భుజం పట్టుకున్నారు. కోపంతో కాదని గ్రహించి ఊపిరి పీల్చుకున్నాను. తలుపు సందులోంచి మొదట వెలుతురు, తర్వాత చెప్పులు, తర్వాత మోకాళ్లు, చివరికి మనుషులు కనిపించారు. ఎవరో తలుపు లాగారు. మామ్మగారిని ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఆవిడ గ్లాసు ఖాళీ చేసి, కారు వచ్చిందా లేదా అని అడిగారు. ఆ ఒక్క ప్రశ్నతో నా ప్రాణం లేచొచ్చింది. చుట్టూ ఉన్న జనం మాత్రం గ్రేస్‌ను చూడటం మానేసి నా కార్డు చదువుతున్నారు.

మాస్టారు చేతులకు గ్రీజుతో మెట్లు దిగి వచ్చారు. నా ముందు నిలబడి, "ముందు పెళ్లి. తర్వాత మనం," అని కారెక్కారు.

పెళ్లి జరిగింది. పాస్టరుగారు ప్రసంగం కొంచెం కుదించారు, దానికి చాలామంది నాకు లోలోపల కృతజ్ఞతలు చెప్పుకున్నారని తర్వాత తెలిసింది. బాపట్ల పెళ్లికి కూడా ఆయన వేళకే చేరారు. నేను మాత్రం చర్చిలో వెనక వరసలో కూర్చుని, ఆ 'తర్వాత మనం' గురించే ఆలోచిస్తూ ఉన్నాను. అందరూ పాట పాడుతుంటే నోరు కదిపాను, గొంతు మాత్రం బయటికి తీయలేదు. ఆ రోజుకి నా గొంతు ఊరంతా విన్నది చాలు.

మధ్యాహ్నం భోజనాల వేళకు మేడమ్ తెనాలి నుంచి వచ్చారు. ముగ్గురం హాలులోని ఆఫీసు గదిలో కూర్చున్నాం. మాస్టారు చేతులు కడుక్కుని తుడుచుకున్నారు.

"మీ లిఫ్టు చెప్పిన వాక్యం శ్రద్ధగా విన్నాను బాబూ," అన్నారాయన. "వ్యాకరణ దోషం లేదు. ఆలోచించి చూస్తే విషయ దోషం కూడా లేదు."

పద, బిరియాని చల్లారిపోతుంది అని లేచారు. పెళ్లి సంతోషం ఆయన కోపాన్ని మింగేసిందో, ఉపాధ్యాయుడిగా ఇంతకంటే పెద్ద వెధవల్ని చూసి ఉన్నారో తెలియదు. నాకైతే లిఫ్టులోంచి రెండోసారి బయటపడ్డట్టయింది.

సాయంత్రం మేడమ్ పక్కన కూర్చుంటే జనం కాపీ ఎక్కించాను. ఆ బరువు అసర్ట్ దగ్గర ఆవిడ వేలు ఆగింది. తప్పు పట్టుకోవడం బాగుంది, పట్టుకున్నాక ఏం చేస్తావు అన్నారు. రాశాను. మెల్లగా దగ్గరి అంతస్తుకి వెళ్లు, తలుపు తెరువు, క్షమించమని అడుగు.

పాసింజరులో తిరిగి వస్తూ, నా ఉద్యోగం ఉందా మేడమ్ అని అడిగాను. ఆవిడ కిటికీలోంచి పొలాలు చూస్తూ, నెమ్మదిగా ఒక కథ చెప్పారు. ఆవిడ మొదటి ఉద్యోగం తెనాలిలోనే పాలు చల్లబరిచే ఒక చిన్న కేంద్రంలోనట. ఆవిడ రాసిన ప్రోగ్రాము పాల ట్యాంకు అడుగున వాల్వు మూయమని చెప్పి, మూసుకుందో లేదో అడగలేదు. వాల్వు మూసుకోలేదు. ప్రోగ్రాము ఆగలేదు, తిట్టలేదు, అంతా బాగుందని తెర మీద చూపిస్తూ పొద్దుటిదాకా పాలు నింపుతూనే పోయింది. తెల్లారేసరికి వీధి వీధంతా తెల్లగా ఉందట. తెనాలి పిల్లులు తాగి తాగి నడవలేక గోడల నీడన పడుకున్నాయట.

"నీది ఆగిపోయింది. నాది ఆగలేదు," అన్నారు మేడమ్. "నువ్వే కొంచెం నయం."

తెనాలి వచ్చేదాకా నేను నవ్వు ఆపుకోవడానికి పడ్డ కష్టం ఆ రోజు పడ్డ కష్టాలన్నిటికంటే పెద్దది. ఆపుకోలేక చివరికి నవ్వేశాను. ఆవిడ కూడా నవ్వారు. ఎదుటి సీట్లో ఆయన మా ఇద్దరినీ చూసి, పెళ్లి నుంచి వస్తున్నారా అని అడిగాడు.

కావున పాఠక మహాశయుల సమక్షంలో, కుడిచేయి కీబోర్డు మీద ఉంచి, గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఏ సంగతీ అసాధ్యమని ఇక ముందు ఏ యంత్రానికీ చెప్పను. ఏ వాల్వునీ, ఏ తలుపునీ, ఏ మోటారునీ అడగకుండా నమ్మను. మైకు ముందు నా పేరు ఎత్తను. ఈ ప్రమాణానికి కట్టుబడి ఉంటానన్న నమ్మకం నాకు పూర్తిగా ఉంది. అయినా మేడమ్ చదువుతారని తెలుసు కాబట్టి, తప్పితే ఏం చెయ్యాలో కూడా కింద రెండు లైన్లు రాసి ఉంచాను.